ఆలస్యానికి గడి లేదు

మీరిప్పుడు ఫోన్ మంచం మీదికి విసిరేసి "లాగ్, లాగ్" అని తిట్టుకునే జబ్బుకు మా ఆఫీసులో పేరు లేదు. ఫోన్ మూగబోతే ఫిర్యాదు రాసుకోవడానికి ఒక గడి ఉండేది. గరగరమంటే ఒక గడి. నెట్ రాకపోతే ఒకటి, నెమ్మదిగా వస్తే ఇంకొకటి. ఆలస్యంగా వస్తే మాత్రం గడి లేదు. నెమ్మదికీ ఆలస్యానికీ తేడా ఏమిటని మీరు అడగరు, ఆటలాడే పిల్లలు కాబట్టి మీకు తెలుసు. మా పెద్దలకు తెలియదు. గడి లేని జబ్బుతో ఎవరైనా వస్తే, నీకేం జబ్బు లేదని చెప్పి పంపించేవాళ్ళం. ఆ మాట నమ్మకుండా మెట్లెక్కి పైకి వచ్చిన ఒక అమ్మాయి గురించి చెబుతాను.

నేను టెలిఫోను శాఖలో ఇంజనీరుగా చేశాను. ఆడవాళ్ళు స్తంభాల దగ్గర ఏం నిలబడతారని మొదట్లోనే తేల్చేసి నన్ను ఎప్పుడూ గదిలోనే కూర్చోబెట్టారు. చివరి ఐదారేళ్ళూ నారాయణగూడలో, ఫ్లైఓవర్ కనిపించే మేడమీది గది. అక్కడి తెరల మీద ఎక్కడెక్కడి పల్లెల బ్రాడ్‌బ్యాండ్ లైన్లన్నీ చుక్కలుగా కనిపించేవి. పనిచేస్తుంటే పచ్చ, చెడితే ఎరుపు. ఊరి మొహం చూడకపోయినా ఆ ఊరి తీగల ఆరోగ్యం మాకు తెలుసని ప్రభుత్వం నమ్మి జీతం ఇచ్చేది.

మా గదిలో ఒక ఆచారం ఉండేది. సాయంత్రం ఇంటికెళ్ళే లోపల ఆ రోజు వచ్చిన ఫిర్యాదులన్నీ మూసెయ్యాలి. మూసెయ్యడం వేరు, బాగుచెయ్యడం వేరు. పక్క కుర్చీలో నాకంటే చిన్నవాడు ఒకడుండేవాడు, రాంనగర్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. టీ నీళ్ళు చల్లారేలోపు ఇరవై ఫిర్యాదులు మూసిన రోజులున్నాయి. అదేంటి తమ్మీ అంటే, "ముందు మూద్దం అక్క. నిజంగ ఖరాబుంటే మల్ల చేస్తడు గద" అనేవాడు. చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెళ్ళి నిలబడేది అతనే. ఆఫీసు తెర మీద ఎరుపు చుక్క కనిపిస్తే మాత్రం తట్టుకోలేకపోయేవాడు, అందరికంటే త్వరగా పచ్చచేసి నిట్టూర్చేవాడు.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న చివరి రోజులవి. బంద్ లేని రోజు చూసుకుని బస్సెక్కి వచ్చిందట ఆ అమ్మాయి. చంకలో ఆస్పత్రి ఎక్స్‌రే కవరు. నంబరు చెప్పగానే మావాడు తలెత్తి చూశాడు.

"ఈ నంబరా? స్పీడ్ ఓకే అని రాసి రాసి నా చెయ్యి నొస్తున్నది. మల్ల మల్ల కంప్లైంట్ చేసేది నువ్వేనా?"

"నేనే సార్. స్పీడ్ మంచిగనే ఉంది. నేను లేట్ అని చేస్తున్న."

"ఏం లేటు?"

"నేను కాల్చినంక అవతలోడు చావాలె సార్. మా ఊర్ల నేను చచ్చినంక నా తూటా పోతది."

మావాడు నవ్వాడు. గదంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు, నవ్వులయ్యేదాకా నిలబడి, "మల్ల చెప్పమంటరా సార్?" అని అడిగింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు అనిపించి నేను కుర్చీ లాగి కూర్చోమన్నాను.

గోదావరికి దగ్గర్లో, అడవి అంచున ఉన్న ఊరు ఆమెది. ఇంట్లో తల్లీ తనూ, ఇద్దరే. తల్లి అంగన్‌వాడీ టీచరు. కూతుర్ని గ్రూప్స్ పరీక్షలకు చదవమని అశోక్‌నగర్ హాస్టల్‌కు పంపింది. నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటూ వాయిదా పడింది, వచ్చినదొకటి కోర్టుకెక్కింది. పాత ప్రశ్నపత్రాలు ప్రింటు తీసుకుందామని చిక్కడపల్లిలోని ఒక నెట్ సెంటర్‌కు వెళ్ళేది. అక్కడ ఐదుగురు ఒక జట్టుగా ఆడే తుపాకుల ఆట ఒకటి ఆడుతుంటే చూసింది. ఒకరోజు ఒకడు రాకపోతే అతని కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ మళ్ళీ అతనికి దొరకలేదు.

ఆ జట్టు ఒక పెద్ద పోటీకి పేరిచ్చింది. తొలి మ్యాచ్‌లు ఎవరున్నచోటి నుంచి వాళ్ళు నెట్‌లోనే ఆడాలి, గెలిస్తే బొంబాయి. సరిగ్గా అప్పుడే తల్లి జారిపడి తుంటి విరిగింది. నారాయణగూడలోనే ఆపరేషన్ చేయించి, ఊరికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టింది. తల్లి నిలబడేదాకా ఆమె ఊరు కదలడానికి లేదు; ఆరోజు కూడా ఎక్స్‌రే డాక్టరుకు చూపించాలని, పక్కింటామెను తల్లి దగ్గర కూర్చోబెట్టి వచ్చింది. ఊళ్ళో మా బ్రాడ్‌బ్యాండ్ ఉందని తెలిసి పెట్టించుకుంది. అది ఆలస్యంగా వస్తోంది. మ్యాచ్ నాటికి లైను బాగుపడితే సరే, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటామని జట్టు చెప్పేసింది.

"పరీక్షలుండంగ ఇదంతా ఎందుకమ్మా?" అని అడిగాను. అందరు పెద్దలూ అడిగేదే.

"గ్రూప్స్‌ల నేనెంతనో నాకే తెల్వది మేడం. పరీక్ష రాస్తె రిజల్ట్ రాదు, రిజల్ట్ వస్తె కేసు పడుతది. ఆటల అట్ల కాదు. ఆట అయిపోంగనే నేనెంతనో తెలుస్తది. నాకు తెలిసినకాడికి నేను మంచిగ ఆడుత."

ఆ మధ్యాహ్నం భోజనం మానేసి ఆమె వెంట చిక్కడపల్లి వెళ్ళాను. కూరగాయల బండ్లు దాటి, సందులో ఇరుకు మెట్లెక్కితే చీకటి గది, వరసగా కుర్రాళ్ళు. నెట్ సెంటర్ నడిపే అతను ఆమెను చూసి, "అక్కా, ఏడికి పోయినవ్? అమ్మకెట్లున్నది?" అని లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె ఆడింది. నాకు ఆట అర్థం కాలేదు గానీ మనిషి అర్థమైంది. మా గదిలో నవ్వులపాలైన పిల్ల కాదు అక్కడున్నది. వెనక నిలబడి జట్టును కాపలా కాసే పని ఆమెది. "కుడిదిక్కు రాకు, ఆగు, ఇప్పుడు పో" అంటుంటే మగపిల్లలు మారుమాట్లాడకుండా విన్నారు. తెర మూలలో ఒక చిన్న అంకె చూపించింది. బటన్ నొక్కిన మాట ఆటకు చేరి తిరిగొచ్చే సమయం అట అది. ఇక్కడ చిన్నదిగా ఉంది, ఊళ్ళో దీనికి ఐదారింతలు ఉంటుందని చెప్పింది.

ఆఫీసుకు తిరిగొచ్చి ఆ ఊరి లైను విప్పి చూశాను. జబ్బులు రెండు.

ఒకటి మేము కావాలని పెట్టింది. పల్లెల్లో తీగలు పాతవి, అతుకులు తుప్పు పట్టినవి. వాటి మీద సమాచారం చెడిపోతుందని, మా యంత్రం కొంత కొంత పోగుచేసి, కలగలిపి పంపేది. దారిలో కొంత పోయినా మిగిలినదాన్నిబట్టి సరిచేసుకోవచ్చు. నారాయణగూడ చౌరస్తాలో షేర్ ఆటో నిండితే గాని కదలదు చూడండి, అలా. సినిమా చూసేవాడికి తేడా తెలియదు. తుపాకీ పట్టుకున్నవాడు ఆటో నిండేలోపు చస్తాడు. ఆ జాగ్రత్త తీసెయ్యడం నా చేతిలో పనే గాని, తీస్తే తీగ శుభ్రంగా ఉండాలి, లేకపోతే లైను తెగి తెగి వస్తుంది.

రెండోది మా నిర్వాకం. ఆ ఊరి నుంచి హైదరాబాదుకు నేరుగా వచ్చే కేబుల్ ఎప్పుడో రోడ్డు పనుల్లో తెగితే, తాత్కాలికంగా ఇంకో జిల్లా మీదుగా తిప్పారు. కేబుల్ అతికించారు, దారి మార్చడం మరిచిపోయారు. ఏళ్ళ తరబడి ఆ ఊరి మాటలన్నీ చుట్టాలందరినీ పలకరించి వస్తున్నాయి. ఆలస్యానికి గడి లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. మా శాఖలో తాత్కాలికం అనే మాటకు ఉన్న ఆయుష్షు నాకూ మీకూ లేదు.

దారి నాలుగు ఫోన్లతో మారింది. తీగ కోసం ఆ ఊరి లైన్‌మన్‌ను పట్టుకున్నాను. ఆయన్ను ఎన్నడూ చూడలేదు, గొంతు ఒక్కటే తెలుసు.

"ఆటకోసమని నన్ను స్తంభాలెక్కిస్తరా మేడం? రెండేండ్లయితె రిటైరైత. మోకాళ్ళు ఎట్లున్నయో తెలుసా?"

"ఆ పిల్ల వాళ్ళమ్మ మీకు తెలుసా?"

"తెల్వకపోవుడేంది. మా ఇద్దరు పిల్లలకు ఆమెనే అక్షరాలు దిద్దిచ్చింది. జర టైమియ్యండి."

టైమిచ్చాను. విసుక్కుంటూనే ఎక్స్‌ఛేంజి నుంచి ఆమె ఇంటిదాకా ఒక జత తీగ ఏరుకుని, ప్రతి అతుకూ విప్పి కొత్తగా వేశాడు. పని సరిగ్గా అయిందో లేదో చూద్దామని వాళ్ళింట్లో కూర్చుని ఆట చూశాడట. ఆ తర్వాత రోజూ చూశాడు. ఒక పొద్దున ఫోన్ చేసి, ఏమైందో అని నేను గాభరా పడుతుంటే, "మేడం, నిన్న మనోళ్ళు గెలిచిన్రు" అన్నాడు. ఆ అమ్మాయి కూడా చేసింది. "ఇప్పుడు ముందుగాల వాడే చస్తున్నడు మేడం. జట్టోళ్ళు నన్నే ఉండమన్నరు." నా ఉద్యోగంలో ఎన్నో ఊళ్ళకు ఎన్నో లైన్లు ఇచ్చాను గాని, ఇంత సంతోషంగా చావు కబురు చెప్పినవాళ్ళు లేరు.

ఇక్కడితో ఆగిపోతే ఇది మంచి జ్ఞాపకం అయ్యేది.

మా శాఖ అప్పుడు పల్లెల్లో ఇంటర్నెట్ కేంద్రాలు తెరిచే పని మీద ఉంది. ఒక పంచాయతీ ఆఫీసులో కంప్యూటర్ పెట్టి, పెద్ద నాయకుడొకాయన హైదరాబాదులో మా హాల్లో కూర్చుని ఆ ఊరివాళ్ళతో ముఖాముఖి మాట్లాడాలి. ఎంచుకున్న ఊరు వేరే. ముందురోజు సాయంత్రం పరీక్షించి చూస్తే, మొహం ఒకసారి, మాట ఒకసారి వస్తున్నాయి. ప్రశ్న అడిగితే అవతలివాళ్ళు తెల్లమొహం వేసుకుని కూర్చుని, నవ్వాల్సిన చోటు దాటాక నవ్వుతున్నారు. మా పెద్దసారు చెమటలు తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు. "ఆలస్యం లేకుండా వచ్చే ఊరు ఒక్కటి కూడా లేదా మనకు?" అని అడిగాడు. ఆలస్యం అనే జబ్బు ఉందని మా శాఖకు తెలిసిన క్షణం అది.

"ఉన్నది సార్" అన్నాడు మా పక్క కుర్చీ తమ్ముడు. "అక్క చేయించింది. సూపర్ లైన్." నన్ను మెచ్చుకోవాలనే అన్నాడు, గర్వంగా నావైపు చూశాడు కూడా.

పెద్దసారు తెర చూసి మొహం విప్పార్చుకున్నాడు. ఆ ఊళ్ళో పంచాయతీ ఆఫీసు ఆ అమ్మాయి ఇంటికి రెండిళ్ళ అవతల. శుభ్రం చేసిన తీగ ఆ జత ఒక్కటే. దాన్ని అక్కడి నుంచి తీసి పంచాయతీకి కలపమన్నాడు.

"సార్, రేపు పొద్దున ఆ అమ్మాయికి మ్యాచ్ ఉంది. అది కాగానే మారుద్దాం" అన్నాను.

"పొద్దున్నించీ లైను నిలకడగా ఉండాలి మేడం. నాయకుడి ఆఫీసువాళ్ళు ఎప్పుడైనా చెక్ చేస్తారు. అయినా ఆటే కదా."

"ఆమెకు ఆట కాదు సార్."

"ఒక్కరి ఆట కోసం ఊరి మేలు ఆపమంటారా? ఒక్కరోజే కదండీ. తాత్కాలికంగా."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో ఆయనకు అర్థం కాలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, లైన్‌మన్ మోకాళ్ళ మీద వేసిన తీగను ఆయన తన టేబుల్ దగ్గర నిలబడి ఊరికి దానం చేశాడు. రాతపూర్వకంగా ఇవ్వండి అన్నాను, ఇచ్చాడు. వద్దన్నాను, గొడవపడ్డాను, నా ఉద్యోగంలో అంత గొంతెత్తింది ఆరోజే. వచ్చిన ఫలితమేమీ లేదు. ఇంకో జత శుభ్రం చెయ్యగలవా అని లైన్‌మన్‌ను అడిగితే, "వారం గావాలె మేడం, నన్ను తిట్టినా పొద్దటికి గాదు" అన్నాడు.

ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. హైదరాబాదుకు వచ్చి ఆడగలవా అని అడిగాను.

"అమ్మను లేపి కూసోబెట్టేదెవలు మేడం? అయినా ఇప్పుడు బస్సు యాడిది."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి తెర ముందు కూర్చున్నాను. ఆ ఊరి చుక్కలు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పంచాయతీది, పచ్చగా. ఇంకొకటి ఆమెది, మళ్ళీ పాత తుప్పు తీగ మీద. మ్యాచ్ మొదలయ్యే ముందు అడిగాను. "జాగ్రత్త పెడితే ఆలస్యమైతది, తీస్తే తెగుతది. ఏది పెట్టమంటవ్ బిడ్డా?"

"లేటే పెట్టండి మేడం. తెగితె ఆట్ల నుంచే పోత. లేటైతె నిలబడన్న చస్త."

అదే పెట్టాను. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. పంచాయతీ లైనులో ఏమైనా నడుస్తోందా అని చూశాను. ఒక్క అక్షరం నడవడం లేదు. లైన్‌మన్‌కు ఫోన్ చేశాను.

"ఎవరు వాడుతున్నరు అక్కడ?"

"ఎవలు లేరు మేడం. కంప్యూటర్‌కు దండేసిన్రు, కుర్చీ మీద తెల్ల టవల్ పరిచిన్రు. ఆఫీసర్లు టెంట్ కింద టిఫిన్ తింటున్నరు."

"ఒక్క గంటసేపు మళ్ళ ఆ పిల్లింటికి కలపరాదా? ఎవరికి తెలుస్తది?"

"నా చేతులుంటే కలుపనా? తీగల డబ్బా ముంగట కానిస్టేబుల్‌ను కూసోబెట్టిన్రు. నేను ముట్టొద్దట. నేనేసిన తీగ నేనే ముట్టొద్దట మేడం."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఆమె జట్టు ఓడిపోయింది. అందరికంటే ఎక్కువసార్లు చచ్చింది తనేనని తర్వాత చెప్పింది. జట్టువాళ్ళు ఆమెను ఏమీ అనలేదట. ఇంకో మ్యాచ్ మిగిలి ఉంది కాబట్టి, దానికి బర్కత్‌పుర అబ్బాయిని ఒకడిని తీసుకున్నారు. అదీ న్యాయమే. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

పొద్దున రావలసిన నాయకుడు సాయంత్రానికి వచ్చాడు. అప్పటిదాకా ఆ లైను దండేసుకుని ఖాళీగా కూర్చుంది. లింకు చూసుకోవాలని నన్ను కూడా హాల్లో ఉండమన్నారు. తెర వెలిగింది. తెల్ల టవల్ కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుని ఉంది.

ఆమె అక్కడికి ఎలా వచ్చిందో తర్వాత లైన్‌మన్ చెప్పాడు. అక్కడి ఆఫీసరుకు చివరి నిమిషంలో, కంప్యూటర్ ముందు బెదరకుండా కూర్చునే ఊరి ఆడపిల్ల కావలసి వచ్చిందట. ఎవర్ని అడిగినా ఈమె పేరే చెప్పారట. ఇంటికెళ్ళి తీసుకొచ్చారు.

"ఏమ్మా, ఇంటర్నెట్ బాగుందా?" అన్నాడు నాయకుడు.

"బాగుంది సార్" అంది. "పొద్దుట్నించి ఖాళీగనే ఉండె."

హాలంతా చప్పట్లు. బాగుంది అన్నదాకా విన్నారు, తర్వాతది ఎవరికీ పట్టలేదు. నాయకుడు సంతోషించి ఏం చదువుతున్నావని అడిగాడు. గ్రూప్స్‌కు సార్, నోటిఫికేషన్ కోసం ఆగిన అంది. వస్తుందమ్మా, వస్తుంది అన్నాడు. ఆమె కళ్ళెత్తి కెమెరావైపు చూసింది. ఆ చూపు ఏమాత్రం ఆలస్యం లేకుండా మా హాల్లోకి వచ్చింది. పెద్దసారు నా దగ్గరికొచ్చి, "చూశారా మేడం, మాట, మొహం రెండూ కలిసే వచ్చాయి" అన్నాడు.

ఆమె ఆ పొద్దున మ్యాచ్‌కు ముందు పెట్టిన ఫిర్యాదు ఒకటి నా తెర మీద ఉండిపోయింది. "అక్కా, ఇది మూద్దమా?" అని అడిగాడు పక్క కుర్చీ తమ్ముడు, తలెత్తకుండా. వద్దన్నాను. అతను ఆరోజు మొదటిసారి ఒక ఎరుపు చుక్కను వదిలి ఇంటికెళ్ళాడు. మర్నాడు వచ్చి చూస్తే మూసేసి ఉంది. స్పీడ్ ఓకే. పై నుంచి ఎవరో మూశారు, ఎవరని మేమిద్దరం అడగలేదు.

తీగ ఆమె ఇంటికి తిరిగి రాలేదు. అది మోడల్ కేంద్రం, కదిలించకూడదన్నారు. నేను రాసిన కాగితాలకు జవాబు రాలేదు. గది తాళం పంచాయతీ కార్యదర్శి దగ్గర, ఆయన ఉండేది మండల కేంద్రంలో. కొన్నాళ్ళకు అందులో ఎరువుల బస్తాలు పెట్టుకున్నారని లైన్‌మన్ చెప్పాడు. తర్వాత ఆయన రిటైరయ్యాడు, ఆ ఊరి కబురు చెప్పే గొంతు లేకుండా పోయింది.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు, చిక్కడపల్లి లైబ్రరీ ముందు ఆమె ఎదురుపడింది. తల్లి కర్ర పట్టుకుని నడుస్తోందట, మళ్ళీ అంగన్‌వాడీకి పోతోందట. తను మళ్ళీ అశోక్‌నగర్ హాస్టల్‌లోనే ఉంది. నోటిఫికేషన్ ఇంకా రాలేదు. చెట్ల కింద, మెట్ల మీద, గోడ వెంబడి వందలమంది పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చుని ఉన్నారు. ఆడుతున్నావా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"లేదు మేడం. ఇదే నయం" అంది, వాళ్ళందరి వైపు చూపించి. "ఈడ అందరిది ఒకటే లేటు."

టీ తాగుదామా అన్నాను. క్లాసుందని వెళ్ళిపోయింది.

ఆ ఏడే నేను రిటైరయ్యాను. ఆఖరి రోజు శాలువా కప్పారు, పెద్దసారు నా సేవల గురించి మాట్లాడాడు, ఆ ఊరి కేంద్రం సంగతి కూడా చెప్పాడు. గది ఖాళీ అయ్యాక తెర దగ్గరికెళ్ళి ఆ ఊరు తీశాను. పంచాయతీ చుక్క పచ్చగా ఉంది. లైను శుభ్రంగా ఉంది, ఆలస్యం లేదు, అందులో ఏమీ నడవడం లేదు. పక్కనుండే ఆమె చుక్క లేదు, ఎప్పుడో తీసేశారు. కింద ఎప్పుడూ ఉండే వరస ఒకటి ఉంది, రోజూ చూసేదే. ఆరోజు దాన్ని బయటికి చదివాను.

ఈ గ్రామం నుండి ఫిర్యాదులు లేవు.